తీర్థయాత్రలో శీతోష్ణములు – దేహరక్షణ

వైశాఖ జ్యేష్ఠ మాసాలు వచ్చినవంటే తెలుగునాట యాత్రలకు తెరపి ఉండదు. పిల్లలకు సెలవులు, రైతులకు పొలం పనులు తీరిన సమయం. మొక్కులు చెల్లించుకొనుటకు ఇదే అనువైన కాలమని అందరూ బయలుదేరుతారు. అదే మాసాలలో హిమాలయాలలో కేదార బదరీ ఆలయాల తలుపులు తెరచుకొంటాయి. రామగుండంలోనో విజయవాడలోనో మండుటెండలో రైలెక్కిన యాత్రికుడు వారం తిరుగకముందే కేదారంలో మంచు ప్రక్కన నిలబడి వణుకుతున్నాడు. ఒకే యాత్రలో, ఒకే దేహంతో గ్రీష్మాన్నీ హేమంతాన్నీ ఇంత త్వరగా దాటవలసిన అవస్థ మన పూర్వులకు లేదు. వారు నెలల తరబడి నడిచేవారు. దారి పొడవునా దేహం కొద్దికొద్దిగా అలవాటుపడేది.

ఈ విషయమై వ్రాయాలని చాలాకాలంగా నా మనస్సులో ఉన్నది. నేను వైద్యుణ్ణి కాను. వ్యాకరణమూ ధర్మశాస్త్రమూ చదువుకొని, పాఠశాలలో పాఠం చెప్పి విరమించినవాణ్ణి. వ్రాయుటకు కారణం నేను చేసిన ఒక తప్పు.

నలభై ఏండ్ల క్రిందటి మాట. అది జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి. దానిని నిర్జలైకాదశి అంటారు. ఆనాడు నీరు సైతం పుచ్చుకోకుండా ఉపవసించడం విధి. మా ఊరినుండి పదిహేను మందిమి ఒక కొండ క్షేత్రానికి నడిచి వెళ్లాము. వారిలో మా ఇంటి ప్రక్క రైతు ఒకాయన ఉన్నాడు. నాకంటె పదేండ్లు పెద్ద, ఎండలో పుట్టి ఎండలో పెరిగిన మనిషి. మెట్లు సగం ఎక్కిన తరువాత ఆయన కూర్చుండిపోయి, “శాస్త్రిగారూ, గొంతు పిడచగట్టుకొని పోతున్నదండీ. ఒక్క గుక్క మంచినీళ్లు పుచ్చుకోవచ్చునా?” అని అడిగాడు. గుంపులో శాస్త్రం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. “ఇంకెంత దూరం? గంటలో దర్శనమే కదా. కాస్త ఓర్చుకోండి. ఇంతదాకా వచ్చి వ్రతం చెడగొట్టుకోవడం ఎందుకు?” అన్నాను. ఆయన మారు మాటాడక లేచాడు. మరి వంద మెట్లు ఎక్కాడో లేదో, పొంతన లేని మాటలు మొదలుపెట్టాడు. ఎవరినో పేరు పెట్టి పిలిచాడు. ఎద్దులను అదలించినట్లు చేయి ఊపాడు. మాలో కొందరు పూనకమనుకొని దండాలు కూడ పెట్టారు. అంతలోనే పడిపోయాడు.

ముట్టుకొంటే ఒళ్లు పెనంవలె కాలుతున్నది. చెమట లేదు. డోలీలో క్రిందికి దింపి పట్టణంలో ఆసుపత్రికి చేర్చేసరికి మధ్యాహ్నం దాటినది. ప్రాణం దక్కినది గాని ఆయన మునుపటి మనిషి కాలేదు. ఎండలో గంటసేపు నిలువలేక సేద్యం కొడుకులకు అప్పగించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కనిపించినప్పుడెల్లా ఎప్పటివలెనే నమస్కరించేవాడు. అది నాకు మరింత భారమైనది.

ఇంటికి వచ్చి గ్రంథాలు తిరగవేశాను. సమాధానం నేను చదివిన శాస్త్రంలోనే ఉన్నది. మహాభారతం ఉద్యోగపర్వంలో వ్రతానికి భంగం కలిగించనివి ఎనిమిదని చెప్పబడినది: నీరు, కందమూలాలు, పండు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం. ఎనిమిదింటిలో మొట్టమొదటిది నీరే. చివరివి గురువు మాట, ఔషధం. ఆనాడు మెట్లమీద ఆయన నన్ను అడిగినది ఈ మూడింటినీ కలిపి. నీటిని, ఔషధంగా, చదువుకొన్నవాడని నమ్మి నా మాటతో అడిగాడు. నేను ఇవ్వలేకపోయాను.

‘నిర్జలం’ అని ప్రత్యేకంగా విధించినచోట ఈ మినహాయింపు చెల్లదు కదా అని వాదించేవారు ఉన్నారు. ఆరోగ్యవంతుడు ఇంట నీడపట్టున కూర్చుండి చేసే ఉపవాసం విషయంలో ఆ వాదం సాగనివ్వండి. మండుటెండలో కొండ ఎక్కేవాని సంగతి వేరు. దేశం అల్లకల్లోలమైనప్పుడు, ప్రవాసంలో, వ్యాధిలో, ఆపదలో ముందుగా దేహాదులను రక్షించుకొని ధర్మాన్ని తరువాత ఆచరించవలెనని పరాశరస్మృతి చెబుతున్నది. ఇందులో ‘ప్రవాసం’ అనే మాట గమనించదగినది. యాత్ర కూడ ప్రవాసమే. యాత్రికునికి ఇది దొంగదారిగా ఇచ్చిన సడలింపు కాదు, స్పష్టంగా విధించిన క్రమం.

ఎండ చేసే పని

మన దేహం లోపలి వేడిమి సుమారు 37 డిగ్రీలు. నడిచినా మెట్లెక్కినా కండరాలలో వేడి పుడుతుంది. దానిని బయటికి పంపుటకు భగవంతుడు ఇచ్చిన సాధనం చెమట. అయితే చెమట కారినంత మాత్రాన చల్లబడదు. అది ఆరాలి. ఆరేటప్పుడు వేడిని వెంట తీసుకొని పోతుంది. గాలిలో తేమ అధికంగా ఉన్నచోట చెమట ఆరదు, కారిపోతుంది. అందుచేతనే విశాఖ ప్రాంతంలో 36 డిగ్రీల ఉక్క ఒక్కొక్కప్పుడు తెలంగాణలోని 42 డిగ్రీల పొడి ఎండకంటె ఎక్కువగా బాధిస్తుంది. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలంలో 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసేవారు, ‘వేసవి పోయింది కదా’ అని నిశ్చింతగా ఉండరాదు. ఆకాశం మబ్బుగా ఉన్నా ఉక్క తగ్గదు.

ఎండలో గట్టిగా శ్రమించేవానికి గంటకు ఒక లీటరు వరకు, కొందరికి అంతకు మించి కూడ, చెమట పోతుంది. దానితోపాటు ఉప్పు పోతుంది. ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. గ్రీష్మంలో ఉప్పు, కారం, పులుపు, వ్యాయామం, ఎండ వీటన్నిటినీ వదలమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఋతుచర్య చెబుతూ అన్నాడు. కొందరు ఈ వాక్యంలో ఉప్పు మానుట ఒక్కటే పట్టుకొని, వ్యాయామమూ ఎండా మానకుండా యాత్రకు బయలుదేరుతారు. వాక్యం మొత్తంగా పాటించేవానికి చెమటే పట్టదు, వానికి ఉప్పు అక్కరలేదు. మిట్టమధ్యాహ్నం మెట్లెక్కేవాడు ఆ వాక్యంలో సగం ఇదివరకే ఉల్లంఘించాడు. వానికి ఉప్పు కావాలి. వట్టి నీరే పదేపదే కడుపునిండా త్రాగి ఉప్పు పోగొట్టుకొన్నవారికి తలనొప్పి, వికారం, ఇంకా ముదిరితే స్పృహ తప్పడం కూడ సంభవిస్తుంది.

ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మన పెద్దల ఉపాయం. అంతకంటె మించినది నేను చూడలేదు. రాగి అంబలి, పానకం కూడ మంచివే. ఆరోగ్య కేంద్రాలలో దొరికే ఓఆర్ఎస్ పొట్లం ఒక లీటరు నీటిలో కలపాలి. అది దొరకనిచోట లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపవచ్చు. చెంచా అంటే చిన్న టీ చెంచా, అంచుకు సమానంగా కొలవాలి. ఉప్పు అంతకు మించరాదు. నడిచేటప్పుడు దప్పిక అయ్యేదాకా ఆగక ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు చొప్పున త్రాగడం మేలు. డెబ్బై దాటిన మావంటివారికి దేహానికి నీరు కావలసివచ్చినా దప్పిక తెలియదు. ఇది వార్ధక్యంలోని కపటం. గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, రక్తపోటుకు మందులు వాడేవారు మాత్రం ఎంత త్రాగాలో, ఎంత ఉప్పు పుచ్చుకోవాలో బయలుదేరకముందే తమ వైద్యుణ్ణి అడగాలి.

జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదని మన ప్రాంతంలో ఒక నమ్మకం. నేను చిన్నప్పటినుండి ఎందరి జేబులలోనో ఉల్లిపాయలను చూశాను, వారిలో ఎండకు పడిపోయినవారినీ చూశాను. దానిపై వేరే వ్యాఖ్యానం అనవసరం.

ఎంత నడవాలి? వాగ్భటుడే వ్యాయామాన్ని గురించి చెప్పిన నియమం చాలా అందమైనది. బలవంతుడు సైతం శీతకాలంలోను వసంతంలోను తన శక్తిలో సగమే వ్యాయామానికి వినియోగించాలి. తక్కిన ఋతువులలో ఇంకా తక్కువ. అతిగా చేస్తే దప్పిక, ఆయాసం, దగ్గు, జ్వరం, వాంతి కలుగుతాయన్నాడు. మరి సగమెక్కడో తెలిసేది ఎట్లా? సుశ్రుతుడు దానికి గుర్తు చెప్పాడు. ముక్కుతో ఆడవలసిన ఊపిరి నోటికి వచ్చినపుడు సగం బలం వ్యయమైనట్లు. నేను యాత్రికులకు దీనినే ఇంకొక రీతిలో చెబుతుంటాను. మెట్లెక్కుతూ “గోవిందా” అని గొంతెత్తి తడబడకుండా అనగలుగుతున్నంతసేపు నడవండి. నామం మధ్యలో ఊపిరి తెగితే అక్కడే కూర్చోండి. దీనికి ఏ పరికరమూ అక్కరలేదు.

అలిపిరి దారిలో 3550 మెట్లు ఉన్నవి. చాలావరకు పైకప్పు ఉన్నది కనుక ఎండ నేరుగా తగలదు. అయినా తొమ్మిది కిలోమీటర్ల ఎక్కుడు ఎక్కుడే. వేసవిలో తెల్లవారుజామున బయలుదేరి పది గంటలలోపు ముగించేవారు తెలివైనవారు. ఉగాదికి కన్నడ దేశంనుండి నల్లమల అడవిగుండా శ్రీశైలానికి వేల సంఖ్యలో నడిచివచ్చే భక్తులను గమనించండి. వారిలో అనుభవజ్ఞులు ఎండ ముదిరినవేళ చెట్ల నీడన విశ్రమించి, చల్లపూట నడుస్తారు. నూతనంగా వచ్చినవారే తొందరపడతారు.

దేహం ఎండకు అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అలవాటైన దేహం త్వరగా చెమట పట్టిస్తుంది, చెమటలో ఉప్పును పొదుపు చేస్తుంది. రోజంతా ఏసీ గదులలో ఉండేవారు, సెలవులకు అమెరికానుండి వచ్చిన మూడవ నాడే మొక్కు తీర్చాలని మెట్లెక్కే మన పిల్లలు ఈ అలవాటు లేనివారు. పది రోజుల ముందునుండి ఉదయపు ఎండలో కొంతసేపు నడిస్తే సరిపోతుంది. విడిది పదిరోజులు దొరకదంటే నడక తగ్గించి, వాహనంలో వెళ్లి దర్శనం చేసుకోండి. స్వామికి అభ్యంతరం లేదు.

తలనీలాలు సమర్పించినవారు ఒక సంగతి మరచిపోతారు. అప్పటిదాకా తలను కాపాడిన జుట్టు ఇప్పుడు లేదు. తడిపిన తుండుగుడ్డ తలపై కప్పుకోవాలి. రాతి పరపులమీద మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా పరుగులు తీసేవారినీ చూస్తుంటాము. పాదరక్షలు విడవడం ఆలయ ప్రాంగణానికి నియమం గాని పది మైళ్ల తారురోడ్డుకు కాదు. పాదయాత్ర వట్టి కాళ్లతోనే చేస్తామని మొక్కుకొన్నవారు చల్లవేళ నడవాలి. మధుమేహం ఉన్నవారికి అరికాళ్లు కాలినా తెలియదు కనుక ఆ మొక్కు వారికి తగదు.

మనిషి తూలినా, విసుగు హెచ్చినా, పొంతన లేకుండా మాటాడినా, దేహం కాలుతున్నా దానిని భక్తిపారవశ్యమని పొరబడవద్దు. ఈ మాటకోసమే పై కథ అంతా చెప్పాను. దేహం లోపలి వేడి 40 డిగ్రీలు దాటినదంటే ప్రాణాపాయం. 108కు ఫోను చేయాలి. వాహనం వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోరాదు. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీటితో తడిపి విసరాలి. మెడ, చంకలు, గజ్జలలో తడిబట్టగాని మంచుముక్కలుగాని ఉంచాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు, అది ఊపిరితిత్తులలోకి పోతుంది. తీర్థమైనా సరే, స్పృహ వచ్చాకనే.

చలి చేసే పని

చలికి మనవారు బొత్తిగా కొత్తవారు. లంబసింగిలోనో ఆదిలాబాదులోనో పుష్యమాసపు ఉదయాలు తెలిసినవారు తప్ప, తక్కినవారికి చలి అంటే దుప్పటి కప్పుకొంటే పోయేది. ఆ ధీమాతోనే నేనూ ఒకసారి బదరికి వెళ్లాను.

బదరీనాథం 3,100 మీటర్లకు పైన ఉన్నది. స్వామి దర్శనానికి ముందు తప్తకుండంలో స్నానం ఆచారం. ఆ నీరు వేడివేడిగా ఉంటుంది. బయటికి వచ్చి, తడి పంచతోనే గాలిలో నిలిచి సంకల్పం చెప్పుకోసాగాను. కొద్దిసేపటికి వణుకు పుట్టినది. తరువాత తిథివారనక్షత్రాలు నోటికి రాలేదు. నాలుక మడతపడుతున్నది. ఉచ్చారణలో దోషం వస్తే పిల్లలను బెంచీ ఎక్కించిన మనిషిని నేను. ప్రక్కన టీ దుకాణం నడిపే గఢ్వాలీ తల్లి ఒకామె నన్ను చూచి, “బాబాజీ” అని కేకవేసి, తడి బట్ట తీయించి, తన కంబళి కప్పి, పొయ్యి ప్రక్కన కూర్చుండబెట్టినది. మడి ఏమైపోతున్నదో ఆలోచించే స్థితిలో నేను లేను.

తరువాత తెలిసినది, లోపలి వేడిమి 35 డిగ్రీలకంటె పడిపోతే అది చలిదెబ్బ. ముందు వణుకు, తరువాత మాట ముద్దకావడం, అడుగు తడబడడం. వణుకుతున్నవాడు వేడి పొందకుండానే వణుకు మానితే సంతోషించరాదు. దేహం పోరాడడం మానినదని అర్థం. అటువంటివానిని తడి బట్టలు విప్పి, పొడి కంబళిలో చుట్టి, తెలివి ఉంటే వేడి పానీయం ఇచ్చి, వైద్యునికి చూపాలి. ఒళ్లు గట్టిగా రుద్దడం మంచిది కాదు.

తడిబట్ట ప్రమాదం ఇంత అని తెలిశాక మన ధావళి గుర్తుకు వచ్చినది. మడి అంటే తడిపి ఆరవేసిన నూలుబట్ట అనే అభిప్రాయం స్థిరపడినది గాని, పట్టుకూ ఉన్నికీ గాలి చేతనే శుద్ధి అని మన ఆచారం. పూర్వం ఇండ్లలో చలికాలపు మడికి ఉన్నితో నేసిన ధావళి ఉండేది. హిమాలయానికి వెళ్లే ఆచారవంతులు ఒక ధావళి తీసుకొని వెళ్లినట్లయితే మడికీ లోటు లేదు, ప్రాణానికీ లోటు లేదు. నూలు తడిస్తే చల్లబడి దేహంలోని వేడిని లాగివేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది.

స్నానం విషయంలోను శాస్త్రం కఠినం కాదు. నీట మునిగే వారుణ స్నానం ఏడు విధాల స్నానాలలో ఒకటి మాత్రమే. మంత్రస్నానం, భస్మంతో ఆగ్నేయం, విష్ణుధ్యానంతో మానసం మొదలైనవి తక్కినవి. అశక్తులకు కంఠస్నానమో, తడిబట్టతో ఒళ్లు తుడుచుకోవడమో చాలునన్నారు. గుండెజబ్బు ఉన్నవారు ధనుర్మాసంలోను, మాల వేసుకొన్న మండలకాలంలోను చన్నీరు ఒక్కసారిగా తలపై గుమ్మరించుకోవడం క్షేమం కాదు. గోరువెచ్చని నీటికి దోషం లేదు.

కేదారం ఇంకొక మెట్టు పైది. 3,583 మీటర్ల ఎత్తు. గౌరీకుండం నుండి సుమారు 16 కిలోమీటర్ల ఎక్కుడు. మన కొండలమీద ఊపిరికి దొరికే ప్రాణవాయువుతో పోలిస్తే అక్కడ దొరికేది సుమారు మూడింట రెండు వంతులే. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. అవి కనిపిస్తే ఇంకా పైకి పోరాదు. తగ్గకపోతే క్రిందికి దిగాలి. దిగడమే మందు. హృషీకేశంనుండి ఒక్క ఊపున పైకి చేరాలని పట్టుపట్టక గుప్తకాశిలోనో, గౌరీకుండంలోనో ఒకటి రెండు రాత్రులు గడపడం మంచిది. పాండవుల మహాప్రస్థానం తలచుకొని పడిన చోట పడతామనేవారు కొందరు ఉన్నారు. వారు తిరిగిరాని సంకల్పంతో వెళ్లారు. మనం తిరుగు టికెట్టు కొనుక్కొని వెళ్లేవారము.

చలిలో నడిచేవానికీ చెమట పడుతుంది. లోపలి బట్ట తడిసి, ఆగినవెంటనే చలి కొరుకుతుంది. కనుక నడక మొదలుపెట్టేముందు శాలువ తీసివేయాలి, ఆగగానే కప్పుకోవాలి. చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తారు. ఒకే మందపాటి స్వెట్టరుకంటె ఒంటికి అంటిన పలుచని బట్ట, దానిపై ఉన్ని, దానిపై గాలీ వానా చొరని కోటు మేలు. మధ్యాహ్నం తరువాత అక్కడ వాన తరచుగా వస్తుంది. మారుబట్టలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోండి. ఒక జత ఉన్ని మేజోళ్లు ఎన్నడూ తడవకుండా దాచి, రాత్రికి తొడుక్కోండి. ఎక్కే రోజున ఉపవాసం వద్దు. చలిలో దప్పిక కాకపోయినా నీరు త్రాగాలి.

దాతలకు ఒక మాట

వైశాఖంలో నీరు, గొడుగు, పాదరక్షలు, విసనకర్ర దానం చేయుమని స్కాందపురాణంలోని వైశాఖమాహాత్మ్యం బహుధా ప్రశంసిస్తున్నది. చలివేంద్రాలు పెట్టే దాతలు మనకు కొరత లేదు. అయితే అవి తరచు గోపురం ఎదుట, పదిమందికీ కనిపించేచోట వెలుస్తాయి. అక్కడికి చేరినవాడు అప్పటికే కష్టం దాటినవాడు. నీరు కావలసినది సగం మెట్ల దగ్గర, నీడలేని మలుపు దగ్గర. కుండతోపాటు ఒక డబ్బాలో ఉప్పు, కొన్ని ఓఆర్ఎస్ పొట్లాలు, నాలుగు తువాళ్లు, ఫోను ఉన్న ఒక మనిషి ఉంటే ఆ చలివేంద్రం ప్రాణదానం చేయగలదు. పరపులమీద కొబ్బరిపీచు పట్టాలు పరచి గంటకొకసారి తడపడానికి కూలి ఇచ్చినా అది పాదరక్షాదానమే.

మా ప్రక్కింటి రైతు పోయి పన్నెండేండ్లయినది. ఆయన కొడుకులు ఏటా ఆ కొండమీద, తండ్రి కూర్చుండిపోయిన మెట్టు దగ్గరే, నీటి కుండలు పెడతారు. ఏకాదశినాడు కూడ. ఉపవాసమున్నవారు అడిగితే ఏమని చెప్పాలి శాస్త్రిగారూ అని మొదటి ఏడు నన్ను అడిగారు. దప్పికతో అలమటించేవానికి నీరు వ్రతభంగం కాదని ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఇచ్చాను. వానకు అక్షరాలు కరిగిపోతుంటాయి. ప్రతి వైశాఖంలో వారు వచ్చి అడుగుతారు, నేను తిరిగి వ్రాసి ఇస్తున్నాను.